పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు

ఏడాదంతా నేను ఉన్ని తూచేవాణ్ణి.
తడి ఉంటే కొంత తరుగు తీస్తాను,
ముళ్ళుంటే ఇంకొంత.
బేలు మీద నల్లసిరాతో అంకె వేస్తాను.
లెసోతో కొండల్లో, మా హా మొఖెలేలో
నా పేరు చెబితే
ముందు కాటా గుర్తొస్తుంది జనానికి, తర్వాత నేను.

జూన్‌లో మాకు మంచు.
కత్తెరలు నూనె రాసుకుని పడుకుంటాయి, షెడ్డు ఖాళీ.
ఆ ఖాళీలో ఒక్క రాత్రి
మాతెబోహో టీచరమ్మ సినిమాల పండగ పెడుతుంది.
మూడేళ్ళుగా.
సున్నం కొట్టిన గోడే తెర.
దాని మీద పాత తూకాల లెక్కలు చెరపలేదెవరూ,
హీరోయిన్ నుదుటి మీద నలభై రెండు కిలోలు కనబడుతుంది.

ఈసారి పద్నాలుగు సినిమాలు.
అన్నీ ఫోన్లతో తీసినవే.
స్టాండు లేనివాళ్ళు
మూడు కాళ్ళ ఇనపకుండ బోర్లించి దాని మీద ఫోను నిలబెట్టారు.
మూడింట్లో దయ్యాలున్నాయి.
ఒక దయ్యానికి కంబళి చాలక
కింద బడి బూట్లు కనిపించాయి.
దాని తల్లి అందరికంటే ముందు నవ్వింది.

చందాలతో కొన్న పెట్రోలు, ముసలి జనరేటరు.
అందుకే షరతు: పది నిమిషాలు దాటకూడదు.
గడియారం నా చేతికిచ్చారు,
తూకంలో మొహమాటం లేనివాణ్ణని.

పులేంగ్ సినిమా పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు.
సెల్‌ఫోన్లు చార్జింగ్ పెట్టే కొట్లో పని ఆ పిల్లకి.
సినిమాలో ఉన్నదల్లా వాళ్ళ మేనమామ ఖాబానే.
ఎదుటి కొండ మీంచి ఇంటికి నడిచొస్తాడు.
మొదట ఆవగింజంత.
అంతే. పాట లేదు, మాట లేదు,
గాలి ఒక్కటే మైకులో ఊదుతుంది.

"కొంచెం కత్తిరించమ్మా" అన్నాను ముందురోజు.
"బొచ్చయితే మళ్ళీ మొలుస్తుంది బాబాయ్,
దారి మొలవదు.
ఇక్కడ కోస్తే మామ ఇంటికి రాడు."

ఆ రాత్రి చూశాం.
ఆవగింజ చింతగింజయింది,
చింతగింజకి టోపీ వచ్చింది, కర్ర వచ్చింది,
కుడికాలు కాస్త ఈడుస్తాడని అప్పుడే తెలిసింది నాకు.
ముప్పై ఏళ్ళుగా అతని ఉన్ని తూచాను,
నడక చూడలేదు.

పదో నిమిషం.
నేను చెయ్యెత్తాను.
నా చెయ్యి అలవాటైన చెయ్యి.
వెలుగు పోయింది.

ఎవరూ కదల్లేదు. ఎవరో దగ్గారు.
చీకట్లో వెనక బేళ్ళ మీంచి
ఖాబానే గొంతు, ఎన్నడూ సభలో వినిపించని గొంతు:
"తర్వాత వాగు.
మూడో రాయి కదులుతుంది, దాని మీద కాలెయ్యను.
ఒడ్డెక్కాక మోకాలు పట్టుకుంటుంది,
కాసేపు ఆగుతాను.
మోషే గాడి దడి దాటాక ఈల వేస్తాను."

వేశాడు.
బయట మంచులో ముడుచుకున్న అతని కుక్క
తలుపు తోసుకుని
మా మోకాళ్ళ మధ్యనుంచి, చల్లటి ముక్కుతో
ఒక్కొక్కరినీ తాకి చూసుకుంటూ పోయింది.
నా దగ్గర ఆగి, కాదనుకుని, సాగిపోయింది.

"ఇక గుమ్మం. పొట్టి గుమ్మం.
ప్రతిసారీ తల తగులుతుంది."
షెడ్డంతా నవ్వు.
"జొన్న గంజి చల్లారిపోయింది ఆ రోజు,"
అన్నాడు, ఎవరి మీదా తప్పు పెట్టకుండా.

టీచరమ్మ టార్చి వేసి అడిగింది,
"మొత్తం ఎంతసేపు?"
మణికట్టు చూసుకున్నాను.
ఎప్పుడు మొదలెట్టాడో చూడలేదు.

పుస్తకంలో పులేంగ్ పేరెదురుగా గడి ఇంకా ఖాళీ.
బహుమతి దయ్యానికొచ్చింది, ఒక పొట్టేలు.
ఆ పిల్ల వచ్చే ఏడు
పన్నెండు నిమిషాలది తీస్తుందట.
నాలుగు లీటర్లు ఎక్కువ కొనమని
నేనే చందా రాయించాను, ముందు నా పేరుతో.